600 ఎంఎం లెన్స్ పెట్టినా పిట్ట ఎందుకు మసగ్గా వస్తోంది? దక్షిణ తెలంగాణ చెరువుల దగ్గర దూరం, గాలి, వెలుగు లెక్క

క్లుప్తంగా: పొడవాటి టెలిఫోటో లెన్స్ దూరాన ఉన్న పక్షిని పెద్దగా చూపిస్తుంది, కానీ మధ్యలో ఉన్న గాలిని పక్కకు తప్పించలేదు. నల్లగొండ, పాలమూరు వైపు ఫోటోలు చెడడానికి లెన్స్ కన్నా ఎండకు కాగిన నేల, చెరువులో నీటిమట్టం, పక్షి మనిషిని ఎంతవరకు దగ్గరికి రానిస్తుందన్నది పెద్ద కారణాలు. లక్షలు పోసి కొనే ఖరీదైన లెన్సుతో వచ్చే అసలు లాభం వెలుగులో ఉంటుంది, పొడవులో కాదు. గూళ్ల దగ్గర ఫోటో తీయడం మాత్రం వన్యప్రాణి చట్టం పరిధిలోకి వచ్చే వ్యవహారం.

నవంబరు వచ్చిందంటే నల్లగొండ పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద, జూరాల బ్యాక్‌వాటర్ దగ్గర, కోయిల్‌సాగర్ ఒడ్డున చేతి పొడవు లెన్సులు కనిపించడం ఇప్పుడు మామూలైంది. 2013కు ముందు 600 ఎంఎం (లెన్స్ దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే ఫోకల్ లెంగ్త్) అంటే ఎక్కువమందికి అందని సరుకు. ఆ ఏడాది చివర్లో టామ్రాన్, మరుసటి ఏడాది సిగ్మా 150-600 జూములు తెచ్చాయి. 2015లో నికాన్ 200-500, 2019లో సోనీ 200-600 వచ్చాయి. 2023లో నికాన్ 180-600, కెనాన్ 200-800 బయటికొచ్చాయి. లక్ష నుంచి రెండు లక్షల మధ్యలో, అదీ సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా తక్కువలో, 600 ఎంఎం చేతికొచ్చింది.

దాంతో కొత్త సందేహం కూడా మొదలైంది. ఇంత పెట్టి కొన్నాక కూడా ఫోటో సాఫ్ట్‌గా వస్తోందేమిటని కొన్నవాళ్లు తల పట్టుకుంటున్నారు. లెన్స్‌లో లోపమా, చెయ్యి వణుకుతోందా, కెమెరా బాడీ మార్చాలా అని సర్వీస్ సెంటర్ల చుట్టూ తిరిగేవాళ్లూ ఉన్నారు. జవాబు చాలాసార్లు కెమెరా సంచిలో దొరకదు.

## 600 అంటే నిజంగా ఎంత

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) వెడల్పు 36 మిల్లీమీటర్లు. దానికి 600 ఎంఎం లెన్స్ తగిలిస్తే 20 మీటర్ల దూరాన 1.2 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. తీగ మీద కూర్చున్న పాలపిట్ట సుమారు అడుగు పొడవు ఉంటుంది కాబట్టి ఆ దూరంలో అది ఫ్రేము వెడల్పులో పావు వంతు ఆక్రమిస్తుంది. ఫోటో బాగున్నట్టే. చిన్న లకుముకి పిట్ట అయితే ఎనిమిదో వంతుకు దిగిపోతుంది. అదే పాలపిట్ట 60 మీటర్ల అవతల ఉంటే 3.6 మీటర్ల వెడల్పులో ఒక మూలకు పోతుంది. ఇక ఎంత క్రాప్ చేసినా పిట్ట కన్నా నాయిసే (చుక్కచుక్కలుగా కనిపించే గరుకు) ఎక్కువ కనిపిస్తుంది.

ఈ లెక్కలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 40 మీటర్ల నుంచి 20 మీటర్లకు వెళ్లగలిగితే 600 ఎంఎం లెన్స్ కాస్తా 1200 ఎంఎం అయినట్టే. పక్షి మీద పడే పిక్సెళ్లు నాలుగింతలు అవుతాయి. ఈ ఇరవై మీటర్లను ఏ కంపెనీ లెన్సూ అమ్మదు.

క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది) ఉన్న కెమెరాకు పెడితే 600 కాస్తా 900 అవుతుందన్న మాటలో సగమే నిజం. లెన్స్ వేసే బొమ్మ పరిమాణం మారదు, సెన్సర్ అందులో నడిమి భాగాన్ని మాత్రం తీసుకుంటుంది. 45 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌లో అదే నడిమి భాగం కత్తిరిస్తే దాదాపు 20 మెగాపిక్సెల్ మిగులుతుంది. అంటే 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాకు పెద్దగా తీసిపోదు. అసలు చూడాల్సింది పక్షి మీద ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయి, వాటికి ఎంత వెలుగు అందుతోంది అన్నది. పాత 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్‌తో పోలిస్తే మాత్రం అదే 24 మెగాపిక్సెళ్లున్న క్రాప్ బాడీ దూరపు పిట్టలకు లాభమే.

2018లో వచ్చిన నికాన్ పీ1000 కెమెరా విషయంలోనూ ఇలాంటి గందరగోళమే. 3000 ఎంఎం అని రాసి ఉంటుంది. దాని అసలు ఫోకల్ లెంగ్త్ 539 ఎంఎం, సెన్సర్ చిన్నది కావడంతో లెక్కలో 3000 తేలుతుంది. ఆ చివరకు వెళ్లాక ఎఫ్/8 (అంటే ఫోకల్ లెంగ్త్‌లో ఎనిమిదో వంతు) మాత్రమే ఉంటుంది కాబట్టి వెలుగు లోపలికి వచ్చే దారి వ్యాసం 67 మిల్లీమీటర్లు. 600 ఎంఎం ఎఫ్/6.3 లెన్స్‌కు అదే దారి 95 మిల్లీమీటర్లు. పీ1000తో చెరువు అవతలి కొంగను గుర్తుపట్టొచ్చు, చంద్రుణ్ని నిండుగా తీయొచ్చు. పొద్దుపొద్దున్నే కదిలే పిట్టను పట్టడం దానికి కష్టం.

## అసలు దొంగ గాలి

దక్షిణ తెలంగాణ భూమి స్వభావం ఇక్కడే అడ్డం తిరుగుతుంది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఎక్కడ చూసినా రాతి గుట్టలు, బండలు, ఎర్ర చెల్కలు, ఎండాకాలానికి పగుళ్లిచ్చే చెరువు శిఖాలు (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలు). చెట్టు నీడ తక్కువ. పొద్దెక్కగానే బండ కాగుతుంది, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. వేడిగాలి, చల్లగాలి వెలుగును ఒకే తీరుగా వంచవు. పక్షి నుంచి లెన్స్ దాకా వచ్చే కిరణాలు ఇలాంటి వందల గాలి పొరల్లోంచి అటూ ఇటూ వంగుతూ రావాలి. డాంబర్ రోడ్డు మీద నీళ్లున్నట్టు భ్రమ కలిగించే ఎండమావికి మూలం కూడా ఇదే వంపు.

మామూలు కంటికి ఈ వణుకు 50 మీటర్ల దూరాన కనిపించకపోవచ్చు. 600 ఎంఎం లెన్స్ పక్షితో పాటు దాన్ని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరా, 600 ఎంఎం లెన్స్ జతతో 100 మీటర్ల దూరాన ఒక్కో పిక్సెల్‌కు సుమారు 0.65 మిల్లీమీటర్లు వస్తాయి. కాగితం మీద చూస్తే ఈకల అంచులు లెక్కపెట్టొచ్చు అనిపిస్తుంది. పదకొండు గంటల ఎండలో చెల్క మీదుగా తీస్తే మాత్రం కన్ను ఏదో, ముక్కు ఏదో తేలదు. ఇలాంటప్పుడు లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బొమ్మను పెద్దది చేసే 1.4 ఎక్స్ కన్వర్టర్ తగిలిస్తే వణుకు కూడా అంతే మేర పెరుగుతుంది, పైగా ఒక స్టాప్ వెలుగు, అంటే సగం, పోతుంది.

గాలి ఎక్కడ కాగుతోందన్నది కూడా ముఖ్యమే. లెన్స్ ముందర ఉన్న వేడిగాలి చేసే నష్టం పక్షి దగ్గర ఉన్న వేడిగాలి కన్నా ఎక్కువ, ఎందుకంటే మొదట్లోనే వంగిన చూపు దూరం పోయేకొద్దీ ఇంకా పక్కకు జరుగుతుంది. డాంబర్ రోడ్డు పక్కన కారాపి, కాగిన బానెట్ మీదుగా గురిపెట్టేవాళ్లకు షార్ప్ ఫోటో రాకపోవడానికి కారణం ఇదే. ఏసీ వేసుకుని వచ్చి, కిటికీ దించిన వెంటనే తీసినా అంతే. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి. కాసేపు ఆగితే సర్దుకుంటుంది. ఎండలో చాలాసేపు ఉంచిన లెన్స్ హుడ్ లోపల కూడా వేడిగాలి నిలుస్తుంది.

చలికాలం పొద్దున్నే వెళ్తే సమస్యే ఉండదనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. డిసెంబరు తెల్లవారుజామున చెరువు నీళ్లు గాలి కన్నా వెచ్చగా ఉంటాయి. నీటి మీద పొగలా ఆవిరి లేస్తుంటే, ఆ నీటి మీదుగా అవతలి ఒడ్డుకు గురిపెట్టిన లెన్స్‌కు వణుకు తప్పదు. గాలి కొంచెం వెచ్చబడి, నేల ఇంకా కాగని నడిమి సమయంలో ఈ రెండూ సద్దుమణుగుతాయి. వాన వెలిసిన పూట, మబ్బు పట్టిన రోజు కూడా గాలి నిలకడగా ఉంటుంది. మబ్బు రోజున వెలుగు తక్కువని ఇంట్లో ఉండిపోయేవాళ్లు నిజానికి షార్ప్ ఫోటోలొచ్చే రోజును వదులుకుంటున్నారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పక్షి కంటి ఎత్తుకు దిగి, నేల మీద బోర్లా పడుకుని తీస్తే వెనకాల బ్యాక్‌గ్రౌండ్ దూరంగా పోయి మెత్తగా కరిగిపోతుంది, ఫోటో అందంగా వస్తుంది. కట్ట మీద నిలబడి కిందికి చూస్తూ తీస్తే పక్షి వెనక వెంటనే నీళ్లో బురదో అడ్డొస్తుంది. కానీ గాలి వణుకు నేలను ఆనుకునే అన్నిటికన్నా ఎక్కువ. అందంగా రావడానికి శిఖంలోకి దిగాలి, స్పష్టంగా రావడానికి కట్ట ఎక్కాలి. ఎనిమిది గంటల లోపు అయితే దిగడం, ఆ తర్వాత అయితే ఎక్కడం మేలు.

## మసకలో ఎన్ని రకాలు

మసగ్గా ఉన్న ఫోటోను కాస్త దగ్గర్నుంచి చూస్తే తప్పెవరిదో చాలావరకు తెలిసిపోతుంది. పిట్ట మసగ్గా ఉండి దాని ముందున్న గడ్డి పరకో, వెనకున్న రాయో గీసినట్టు స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. 600 ఎంఎం, ఎఫ్/6.3 దగ్గర 20 మీటర్ల దూరాన స్పష్టంగా వచ్చే మందం మొత్తం కలిపి 40 సెంటీమీటర్లు, 10 మీటర్లకొస్తే 10 సెంటీమీటర్లు. కొంగ రొమ్ము మీద ఫోకస్ పడితే ముందుకు చాచిన ముక్కు పోయినట్టే. 2020లో కెనాన్ ఆర్5, మరుసటి ఏడాది సోనీ ఏ1 పక్షుల్ని గుర్తించి కంటి మీద ఫోకస్ పెట్టడం మొదలుపెట్టాక ఈ రకం తప్పులు బాగా తగ్గాయి.

రాళ్లూ గడ్డీ అన్నీ ఒకే దిక్కుకు గీతల్లా సాగి ఉంటే చెయ్యి కదిలింది. ఒళ్లు స్పష్టంగా ఉండి రెక్కలు మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాలలేదు. లెన్స్‌లో ఉండే స్టెబిలైజర్ చేతి వణుకును ఆపుతుంది తప్ప పిట్ట రెక్కను ఆపదు. ఎగిరే పక్షికి 1/2000 సెకను అయినా కావాలి.

వరసగా పది ఫోటోలు కొట్టి చూస్తే, ఒకటి కొంచెం నయంగా, తర్వాతిది ఘోరంగా, ఆ తర్వాతది మళ్లీ ఫరవాలేదనిపించేలా ఉండి, పక్కనున్న కరెంటు తీగ కూడా మెలికలు తిరిగినట్టు కనిపిస్తే అది గాలి పని. అప్పుడు లెన్స్‌ను తిట్టుకోవడం దండగ. దగ్గరికి పోవడమో, చాలించి టీ తాగడమో చేయాలి.

## ఖరీదు కొనేది వెలుగును

600 ఎంఎం ఎఫ్/4 ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ధర పది లక్షలు దాటుతుంది. లక్షన్నర జూమ్ కూడా 600 దాకా వెళ్తుంది. మరి తేడా ఎక్కడ? ఎఫ్/4 లెన్స్ ముందరి గాజు కనీసం 150 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. ఎఫ్/6.3కు 95 చాలు. వెలుగులో చూస్తే ఎఫ్/4 రెండున్నర రెట్లు ఎక్కువ లాగుతుంది. అంత పెద్ద గాజును మచ్చ లేకుండా తయారు చేయడానికే ఆ ధర, మూడు కిలోల ఆ బరువు.

నిండు ఎండలో ఈ తేడా దాదాపు పనికిరాదు. ఎఫ్/6.3 దగ్గర ఐఎస్ఓ (వెలుగు తక్కువైతే పెంచేది, పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) 400తో 1/2500 సెకను హాయిగా దొరుకుతుంది. సూర్యుడు అప్పుడే గుట్ట దాటిన వేళ, నల్లమలలో మన్ననూర్ దాటాక చెట్ల కింద, ఆ లెక్క తలకిందులవుతుంది. జూమ్ వాడేవాళ్లు ఐఎస్ఓ 6400కు పోవాల్సిన చోట ప్రైమ్ 2500తో గట్టెక్కుతుంది. అందుకని ఎక్కువగా చెరువుల దగ్గర, చెల్కల్లో తిరిగేవాళ్లకు జూమ్ సరిపోతుంది. అమ్రాబాద్ అడవిలోనే ఎక్కువ గడిపేవాళ్లకు ప్రైమ్ మాట ఆలోచించదగ్గది. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్లు ఈ మధ్య ఎంత ముదిరాయంటే ఆ తేడా కూడా ఏటేటా తగ్గుతోంది.

పాలపిట్ట విషయంలో వెలుగుకు ఇంకో కోణం ఉంది. దాని రెక్కల్లోని నీలం రంగు పూసినట్టు ఉండే వర్ణకం కాదు, ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల పుట్టేది. తీగ మీద రెక్కలు మూసుకుని కూర్చున్నప్పుడు మట్టి రంగు పిట్టలా ఉండి, ఎగరగానే నీలం ఒక్కసారి పరుచుకునేది నీలమంతా మడిచిన రెక్కల్లో దాగి ఉండటం వల్ల. వెలుగు ఎటునుంచి పడుతోందన్నది కూడా రంగును మారుస్తుంది. పొద్దు వీపు వెనక ఉండేలా నిలబడటం మామూలు సలహాయే అయినా పాలపిట్టకు అది రెండింతలు వర్తిస్తుంది. చెరువుల దగ్గర కట్ట ఏ దిక్కున ఉందో ముందే చూసుకుంటే ఇది తేలిపోతుంది. తూర్పు కట్ట అయితే పొద్దున, పడమటి కట్ట అయితే సాయంత్రం.

బరువు సంగతికొస్తే, రెండు కిలోల జూమ్‌ను చేత్తో పట్టుకుని గంటసేపు తిరిగితే భుజాలు పడిపోతాయి. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చాలామందికి సరిపోతుంది. కారులోంచి తీసేవాళ్లు గుడ్డ సంచిలో బియ్యమో పెసలో నింపి కిటికీ అంచున వేసుకుంటే ఏ ఖరీదైన స్టాండుకూ తీసిపోదు. కొల్లాపూర్ దగ్గర సోమశిల వైపు కృష్ణలో పుట్టి ఎక్కి తీసేవాళ్లకు స్టాండు వల్ల లాభం లేదు. పుట్టి కదలిక స్టాండు గుండా నేరుగా లెన్స్‌కు ఎక్కుతుంది, చేత్తో పట్టుకోవడమే నయం.

## పక్షి ఎంత దూరాన ఉండాలో తూము నిర్ణయిస్తుంది

ఈ ప్రాంతపు చెరువులు రెండు రకాలుగా నిండుతున్నాయి. వాన నీటి మీదే ఆధారపడ్డవి కొన్ని. కాల్వల ద్వారా కృష్ణా నీళ్లు వచ్చేవి మరికొన్ని. ఉదయ సముద్రం రెండో రకానిది. మధ్యయుగాల నాటి చెరువే అయినా ఇప్పుడది ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌గా పనిచేస్తోంది. నీటిమట్టం వానను బట్టి కాక విడుదలను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

పక్షులకు ఇది చాలా పెద్ద తేడా. నీళ్లు కట్ట నిండా ఉన్నప్పుడు ఒడ్డున బురద ఉండదు. బురదలో పురుగులు ఏరుకుని తినే ఉల్లంకి పిట్టల్లాంటివి అక్కడ నిలవవు. నీటికాకులు, మునిగి చేపలు పట్టేవి, నడి చెరువులో తేలే బాతులు ఉంటాయి, అదీ లెన్స్‌కు అందనంత దూరంలో. నీళ్లు తగ్గుతూ శిఖం బయటపడే కొద్దీ బురద పట్టీ వెడల్పవుతుంది. మిగిలిన మడుగుల్లో చేపలు ఒత్తుగా చేరతాయి. ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కొంగలు, కంకణాలు గుంపులుగా వచ్చి దగ్గర దగ్గరగా నిలబడతాయి. వాన చెరువుల్లో ఇది జనవరి నుంచి మొదలవుతుంది. నిరుడు ఇదే వారంలో వందల పక్షులున్న చెరువు ఈసారి ఖాళీగా కనిపిస్తే పక్షులు రాలేదని కాదు, బహుశా నీళ్లు తగ్గలేదని. పక్క మండలంలో నీళ్లు దిగిన కుంటను చూసుకుంటే సరిపోతుంది. యాసంగి నాట్లకు తూము తీసే రోజులు తెలిసినవాళ్లకు ఈ వెతుకులాట తప్పుతుంది. ఊళ్లోని ముదిరాజ్ మత్స్యకారులకు ఇది ఏ యాప్ కన్నా బాగా తెలుసు.

## ఎంత దగ్గరికి రానిస్తుంది

ట్రాక్టర్ దుక్కి దున్నుతుంటే తెల్ల కొంగలు నాగళ్ల వెనకే నాలుగడుగుల దూరంలో నడుస్తాయి. బర్రె వీపు మీదెక్కి కూర్చుంటాయి. అదే కొంగ, రోడ్డు మీద బైక్ ఆపి కెమెరా ఎత్తిన మనిషిని చూసి యాభై మీటర్ల దూరాన్నే లేచిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. రోజూ ఒకే తీరుగా కదిలి, తన జోలికి రానిదాన్ని పక్షి లెక్కలోంచి తీసేస్తుంది. ఆగి, నిటారుగా నిలబడి, తన వైపే చూస్తూ నేరుగా వచ్చేదాన్ని తనను వేటాడే జంతువుగా లెక్కగడుతుంది. పెద్ద లెన్స్ ముందరి గుండ్రటి గాజు కూడా దానికి ఓ పెద్ద కన్నులాగే కనిపిస్తుందని చాలామంది ఫోటోగ్రాఫర్ల నమ్మకం. అది ఎంతవరకు నిజమైనా, లెన్స్‌ను మెల్లగా ఎత్తడం వల్ల పోయేదేమీ లేదు.

పక్షి ఎగిరిపోవడం ఆఖరి మెట్టు మాత్రమే. దానికి ముందు మేత ఆపుతుంది, మెడ నిటారుగా లేపుతుంది, రెండడుగులు అటు జరుగుతుంది, తల అటూ ఇటూ ఆడిస్తుంది. తీతువు అయితే గోల మొదలుపెట్టి చెరువంతా చాటింపు వేస్తుంది. మేత ఆపిన క్షణమే ఆగిపోతే అది మళ్లీ తినడం మొదలుపెడుతుంది, అప్పుడు మరో రెండు మీటర్లు పక్కగా, వాలుగా నడవొచ్చు. నేరుగా పోకూడదు.

ఎగరగొడితే ఏం నష్టం, మళ్లీ వాలుతుంది కదా అన్న వాదన ఉంది. స్థానిక కాకికో గోరింకకో అది పెద్ద నష్టం కాకపోవచ్చు. తల మీద రెండు నల్ల పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ సంగతి వేరు. మధ్య ఆసియా, టిబెట్ పీఠభూమి నుంచి హిమాలయాలు దాటి దక్కన్ చెరువులకు చలికాలం గడపడానికి వచ్చే పక్షి అది. 7,000 మీటర్లకు పైన ఎగిరినట్టు ట్రాన్స్‌మీటర్లతో నమోదైంది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. వారాంతంలో పొద్దంతా ఒకరి తర్వాత ఒకరు గుంపును లేపుతుంటే తినే సమయం పోతుంది, లేచిన ప్రతిసారీ ఉన్న కొవ్వూ ఖర్చవుతుంది. ఎగిరే గుంపు ఫోటో కోసం రాయి విసిరే అలవాటును ఫోటోగ్రఫీ అనడం కష్టం.

కొన్ని పక్షుల తీరు తెలిస్తే అసలు దగ్గరికి పోవాల్సిన పనే ఉండదు. పాలపిట్ట తీగ మీదో మోడు మీదో కూర్చుని నేలను గమనిస్తుంది. మిడత కదలగానే జారినట్టు కిందికి దిగి, ముక్కున కరుచుకుని, చాలాసార్లు అదే తీగ మీదికి తిరిగొస్తుంది. అక్కడ మిడతను రెండుసార్లు తీగకేసి కొట్టి మింగుతుంది. లేచిపోయిన పిట్ట వెనక పరిగెత్తేవాళ్లకు దాని వీపు ఫోటోలే మిగులుతాయి. అది వదిలిపోయిన చోటు దగ్గర కారులో కూర్చున్నవాళ్లకు మిడతతో సహా దొరుకుతుంది. పసిరిక పిట్టలు, లకుముకి పిట్టలు, ఏట్రింతలది కూడా ఇదే పద్ధతి.

## గూడు దగ్గర చట్టం మొదలవుతుంది

వానకాలంలో వ్యవసాయ బావుల మీదికి వంగిన ఈత చెట్లకు, తాటి చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడతాయి. మగపిట్ట పచ్చగడ్డి పోచలు చీల్చి తెచ్చి, గూడు సగమయ్యాక రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆడది వచ్చి లోపల చూసి, నచ్చకపోతే పోతుంది. ఇవన్నీ బావి ఇవతలి గట్టు నుంచి, 300 ఎంఎంతో కూడా తీయొచ్చు. గిజిగాడికి మనిషి అలవాటే, మోటారు వేసే రైతు రోజూ ఆ గట్టు మీదే తిరుగుతుంటాడు.

అన్ని పిట్టలూ అలా కాదు. పొదలో గూడు కట్టినవి, నేల మీద గుడ్లు పెట్టే తీతువుల్లాంటివి మనిషి నిలబడినంతసేపూ గూటికి రావు. ఎండలో గుడ్లను తల్లి కప్పి ఉంచేది వెచ్చగా ఉంచడానికి మాత్రమే కాదు, ఎక్కువగా వేడి నుంచి కాపాడటానికి. కాగిన నేల మీద తల్లి కొద్దిసేపు దూరమైనా లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. ఫోటోకు అడ్డం వస్తోందని కొమ్మ విరిస్తే పిల్లల మీద నేరుగా ఎండ పడుతుంది, కాకికి దారి కూడా కనిపిస్తుంది. ఫోన్‌లో కూత వినిపించి పిలవడం కూడా ఇలాంటిదే. తన ఇలాకాలోకి మరో మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకు ఇచ్చిన నిర్వచనం చాలామంది అనుకునే దానికన్నా విశాలమైంది. అడవి పక్షుల విషయంలో గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లనూ గూళ్లనూ కదిలించి చెదరగొట్టడం కూడా ఆ చట్టం ప్రకారం వేటే. తుపాకీ ఉండక్కర్లేదు. దసరాకు పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టి, చూపించి డబ్బులడిగే పని కూడా చట్టవిరుద్ధమే. 2014లో రాష్ట్ర పక్షిగా ప్రకటించిన పిట్టకు పండుగ పూట ఈ గతి పట్టడం విచిత్రం. పంజరంలోని పిట్టకు డబ్బిచ్చి ఫోటో తీసుకున్నా ఆ వ్యాపారానికి సాయం చేసినట్టే.

రాష్ట్ర విభజన తర్వాత నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలో తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. దాని లోపల ఫోటోలు తీయడానికి అటవీ శాఖ అనుమతి ఉండాలి, చట్టంలోని 28వ సెక్షన్ ఫోటోగ్రఫీని పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. ఊరి చెరువులకు మామూలుగా అలాంటి అనుమతి అడగరు, కానీ శిఖం భూముల్లో పంట వేసిన రైతుకు చెప్పకుండా శనగ చేలో పడుకోవడం గొడవకు దారి. డ్యాముల కట్టడాల దగ్గర భద్రతా ఆంక్షలు ఉంటాయి, లెన్స్ ఎంత పొడవైతే పోలీసుల ప్రశ్నలు అంత ఎక్కువ.

## మసక ఫోటోకు కూడా పని ఉంది

1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసిన కాలంలో, ఒక పిట్ట ఫలానా జాతి అని తేల్చాలంటే దాన్ని కాల్చి చేతిలోకి తీసుకోవడమే పద్ధతి. ఇప్పుడా పని లెన్స్ చేస్తోంది. చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో అరుదైన పక్షి పేరు రాస్తే రుజువు అడుగుతారు, దానికి పోటీకి పంపే ఫోటో అక్కర్లేదు. చలికాలంలో పాలమూరు చెల్కల మీద తేలుతూ పోయే హారియర్ గద్దల్లో కొన్ని జాతుల ఆడవి దాదాపు ఒకేలా ఉంటాయి. మెడ చుట్టూ లేత పట్టీ ఉందా లేదా అన్నది 100 మీటర్ల మసక ఫోటోలో కూడా తేలుతుంది. ఫోటో ప్రయోజనం అదే అయినప్పుడు ఇంకో ముప్పై మీటర్లు దగ్గరికి పోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇబ్బందంతా ఫోటో బాగా వచ్చినప్పుడు మొదలవుతోంది. లెన్సులు చవకయ్యాక ఒక్కొక్కరు పక్షికి ఇచ్చే ఇబ్బంది తగ్గి ఉండొచ్చు, కానీ మనుషుల సంఖ్య పెరిగింది. గుట్ట బండల సందులో కొమ్ముల గుడ్లగూబ గూడు పెట్టిందని ఒకరు మ్యాప్ పిన్‌తో వాట్సాప్‌లో పెడితే, మరుసటి ఆదివారానికి అక్కడ కార్లు ఆగుతాయి. వచ్చినవాళ్లలో ప్రతి ఒక్కరూ మర్యాదగా దూరాన నిలబడినా, గూడు ముందర మనిషి లేని గంట ఉండదు. ఈబర్డ్ కొన్ని సున్నితమైన జాతుల కచ్చితమైన చోటును అందరికీ కనిపించకుండా దాస్తుంది. వాట్సాప్ గ్రూపుకు అలాంటి ఏర్పాటు లేదు. గూడున్న ఫోటోలకు పిల్లలు ఎగిరిపోయేదాకా జిల్లా పేరు మాత్రం రాసి, ఫోన్‌తో తీసినవైతే అందులోని లొకేషన్ వివరాలు తీసేసి పంపడం ఇప్పటికి అందుబాటులో ఉన్న పద్ధతి.